డాబా రిపేరు, ఆగస్టు పరుగు: రెండింటికీ ఒకటే పట్టిక

అరవై దాటినవాళ్ల కోసం రాసిన పరుగు పట్టికలు చాలానే దొరుకుతాయి. అన్నిటిలోనూ "విశ్రాంతి" అని రాసిన గడి ఒకటి ఉంటుంది. ముప్పై ఏళ్ల నాటి స్లాబు కింద సొంతింట్లో ఉంటున్నవాళ్లకు ఆ గడి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కుళాయి కారుతుంటుంది, పైకప్పు పెచ్చులు ఊడుతుంటాయి, వానాకాలం దగ్గరపడుతుంటుంది. విశ్రాంతి రోజున మూడు గంటలు సుత్తి పట్టుకుని, మర్నాడు ఎత్తు మీద పరుగుకు వెళ్తే పిక్క పట్టేస్తుంది. అప్పుడు నింద పరుగు మీద పడుతుంది. నాకు 63 ఏళ్లు. ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలని పెట్టుకున్నాను. అదే ఎండాకాలంలో తార్నాకలోని మా ఇంటి డాబాకు లీకేజీ పని కూడా పడింది. రెండింటినీ ఒకే పట్టికలో వేసి ఎలా నడిపించానో రాస్తున్నాను. మా వయసువాళ్లకు, మా ఇంటి లాంటి ఇళ్లున్నవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

అసలు చిక్కు తేదీలతో మొదలవుతుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి పక్షంలో తెలంగాణకు వచ్చేస్తాయి. డాబా పని మే నెలాఖరుకు ముగిసిపోవాలి. ఆగస్టు నెలాఖరు పరుగుకు పదహారు వారాల తయారీ అంటే మే మొదటి పక్షంలోనే మొదలుపెట్టాలి. పైగా రెండు పనులూ కోరేది ఒకటే పూట. మేలో తెల్లవారుజాము ఐదు నుంచి ఎనిమిది లోపు పరుగెత్తకపోతే ఇక ఆ రోజుకు పొడవాటి పరుగు లేనట్టే. డాబా మీద నీళ్లు దిగకుండా ఆపే కోటింగ్ వేయాలన్నా ఆ మూడు గంటలే గతి. తొమ్మిదయ్యేసరికి స్లాబు మీద ఉత్త కాలు పెట్టలేం. అంత వేడి మీద పూస్తే పైపొర క్షణాల్లో ఆరిపోతుంది, లోపలి నీరు ఆవిరై పైకి తోసుకొచ్చి బుడగలు కడుతుంది. సాయంత్రం ఎండ తగ్గినా స్లాబు మాత్రం రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. అందుకే ఏ పని ఎంత నేర్చుకున్నామన్నది తర్వాత. ముందు ఏ ఉదయం దేనికి ఇస్తామో తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి ఒక కొలత ఉండాలి. క్రీడా శిక్షకులు వాడే "సెషన్ ఆర్‌పీఈ" అనే తేలిక లెక్క ఉంది. పని అయిన అరగంట తర్వాత, ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేసుకోవాలి. దాన్ని నిమిషాలతో హెచ్చించాలి. గంటసేపు తేలిక పరుగు, కష్టం 3 అయితే 180. ఆదివారం రెండు గంటల పొడవాటి పరుగు, కష్టం 5 అయితే 600. ఇదే లెక్క రిపేరు పనికీ వేయండి. నిచ్చెన మీద నిలబడి మూడు గంటలు పైకప్పు పెచ్చులు కొట్టడం, కష్టం 5 అంటే 900. ఆదివారం పరుగుకు ఒకటిన్నర రెట్లు. ఈ అంకె కాగితం మీద చూశాక ఇంటి పనిని ఎవరూ విశ్రాంతి గడిలో వేయరు. పరుగు భారం వేరు, సుత్తి భారం వేరు, పడే కండరాలూ వేరే. నిజమే. కానీ నిద్ర, ఆకలి, కోలుకునే శక్తి రెండింటికీ ఒకే ఖాతాలోంచి పోతాయి. వారం మొత్తం కలిపి ముందు వారం కంటే పదో వంతుకు మించి పెరగకుండా చూసుకుంటాను. పెరిగితే ముందు పరుగులోనే కోత పెడతాను. ఎందుకంటే సగం కొట్టి వదిలేసిన పైకప్పు ఎవరి కోసమూ ఆగదు.

ఇక లీకేజీ. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు. ఎండాకాలంలో కూడా పైకప్పు చెమ్మగా ఉంటే దోషం వానది కాదు. పైనున్న ట్యాంకుదో, పైపుదో అయి ఉంటుంది. రాత్రి ట్యాంకు వాల్వు కట్టేసి, లోపల నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే ట్యాంకు గానీ, వాల్వుకు ముందున్న పైపు గానీ కారుతున్నట్టు. మట్టం అలాగే ఉండి, చెమ్మ కూడా తగ్గుముఖం పడితే దోషం వాల్వు తర్వాతి పైపులో ఉంది. రెండూ కాకపోతే డాబాయే. దానికి నీళ్లు కట్టే పరీక్ష చేయాలి. వాన నీరు పోయే గొట్టం మూతిని గుడ్డ, పాలిథిన్‌తో బిగించి, డాబా మీద రెండు అంగుళాల ఎత్తున నీళ్లు నిలబెట్టి ఒక రోజు నుంచి రెండు రోజులు ఉంచాలి. అంతకు మించి కట్టొద్దు. ఒక చదరపు మీటరు మీద అంగుళం నీళ్లంటే 25 కిలోల బరువు. పాత స్లాబు మీద ఆ బరువు లెక్కలో పెట్టుకోవాలి. పైకప్పు ఇప్పటికే కిందికి వంగినట్టు కనిపిస్తే ఈ పరీక్ష వద్దే వద్దు, ముందు ఇంజినీరును పిలవండి. నీళ్లు కట్టాక కింద గదుల్లో చెమ్మ ఎక్కడెక్కడ మొదట కనిపించిందో సుద్దముక్కతో గీసి, పక్కన టైము రాయాలి. మొదట తడిసిన చోటే పగులుకు దగ్గర. చివర తడిసినవి నీళ్లు పాకిన చోట్లు.

మా ఇంట్లో చెమ్మ పిట్టగోడ వెంబడీ, వాన నీటి గొట్టం మూతి చుట్టూ దిగింది. పాత ఇళ్లలో చాలావరకు ఇంతే. నడి డాబా కంటే అంచులే కారతాయి. స్లాబు పగలు ఎండకు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది, పక్కనున్న పిట్టగోడ దాంతోపాటు అంతగా కదలదు. ఆ సందులో సిమెంటు ఎంత గట్టిగా పెట్టినా ఏడాదిలో విడిపోతుంది.

డాబా కంటే ముందు పైకప్పు పని అవ్వాలి. చిన్న సుత్తి తీసుకుని పైకప్పు అంతా జానెడు దూరానికోసారి మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్న చోట టక్ టక్ మని తేటగా పలుకుతుంది. పెచ్చు విడిచిన చోట డొల్లగా, మొద్దుగా మోగుతుంది. కంటికి పగులు లేకపోయినా ఆ శబ్దం వచ్చినంత మేరా గీత గీసేయండి. లోపల జరిగేది ఇది. నీళ్లూ గాలీ కడ్డీ దాకా చేరాక కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు కావాలి కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటును కిందికి తోసేస్తుంది. పైన పుట్టీ పూసి రంగేస్తే ఆరు నెలలు అందంగా ఉంటుంది, లోపల తుప్పు ఆగదు. కొంతమంది మేస్త్రీలు కింది నుంచే వాటర్‌ప్రూఫ్ పుట్టీ పూసి పని అయిందనిపిస్తారు. నీళ్లు ఇంకో దారి చూసుకుంటాయి, కడ్డీ మాత్రం తడిలోనే నానుతుంది.

గీసిన మేర ఉలితో కొట్టి డొల్ల అంతా రాల్చాలి. కడ్డీ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ చేయాలి. సగం కడ్డీ పాత కాంక్రీటులోనే ఉండిపోతే తుప్పు అక్కడినుంచి మళ్లీ మొదలవుతుంది. వైరు బ్రష్‌తో కడ్డీని మెరిసేదాకా రుద్దాలి. ఆ మీదట వెర్నియర్‌తో మందం కొలవాలి. ఈ కొలత ఎవరూ వేయరు, కానీ మొత్తం పనిలో నాకు ముఖ్యమనిపించింది ఇదే. స్లాబుల్లో ఎక్కువగా వాడేది 8 మిల్లీమీటర్ల కడ్డీ. అది 7కు తగ్గితే చూపుకు తేడా తెలియదు, కానీ అడ్డుకోత వైశాల్యంలో దాదాపు నాలుగో వంతు పోయినట్టు. వరసగా నాలుగైదు కడ్డీలు అలా ఉంటే ఆ పని మనదీ కాదు, మేస్త్రీదీ కాదు. కొత్త కడ్డీ జోడించాలా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి. అంత తగ్గకపోతే కడ్డీకి తుప్పు నిరోధక జింక్ ప్రైమరు వేసి ఆరనివ్వాలి. పాత కాంక్రీటును కొద్దిగా తడిపి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటుకు పట్టు పెంచే పాల లాంటి ద్రవం) ఒక వంతు, సిమెంటు ఒకటిన్నర వంతు కలిపిన జావ బ్రష్‌తో పట్టించాలి. అది జిగురుగా ఉండగానే మాలు ఎక్కించాలి. ఆరిపోయాక ఎక్కిస్తే ఆ జావే మధ్యలో పొరలా నిలబడి పట్టు చెడగొడుతుంది. మాలు కొలత: లేటెక్స్ ఒక కిలో, సిమెంటు 5 కిలోలు, జల్లెడ పట్టిన ఇసుక 15 కిలోలు, నీళ్లు ముద్ద అయ్యేంత మాత్రమే. పైకప్పు పని కాబట్టి ఒక్కో పొర 10 మిల్లీమీటర్లకు మించకూడదు, మించితే బరువుకు జారిపోతుంది. లోతు ఎక్కువుంటే మొదటి పొర మీద గీతలు పెట్టి మర్నాడు రెండో పొర. కడ్డీ మీద మొత్తం కనీసం 15 నుంచి 20 మిల్లీమీటర్ల కప్పు రావాలి. ఒకటి రెండు రోజులు నీళ్లు చిలకరించి, తర్వాత గాలికి ఆరనివ్వాలి.

ఈ పని ఒంటి మీద ఎక్కడ పడుతుందో పరుగు మనుషులు ముందే తెలుసుకోవాలి. తల పైకెత్తి పనిచేస్తే మెడ, భుజాలు బిగుసుకుంటాయి. మర్నాడు పరుగులో చేతులు ఊగక అడుగు కురచవుతుంది. ఇరవై నిమిషాలకోసారి కిందికి దిగి చేతులు వేలాడేయాలి. నిచ్చెన మెట్టు మీద అరికాలి మధ్య భాగం ఆనించి గంటలు నిలబడితే అరికాలి నొప్పి ఖాయం. అందుకని నిచ్చెన బదులు రెండు స్టూళ్ల మీద వేసిన బల్ల మంచిది, లేదా సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే చోట రెండడుగుల ఎత్తు స్టాండు తెచ్చుకోవాలి. గ్రైండరు, ఉలి పనుల్లో రేగే ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో దిగితే తిరిగి రాదు. మూతికి కట్టే గుడ్డ చాలదు. ముక్కు దగ్గర బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, కోసే చోట నీళ్లు చిలకరిస్తూ పనిచేయాలి. ఊపిరి మీద ఆధారపడి బతికే అలవాటు ఉన్నవాళ్లం, ఇందులో బేరం లేదు.

డాబా మీదికొస్తే మొదటి పని పాచి వదిలించడం. బ్లీచింగ్ పొడి నీళ్లు చల్లి, కాసేపుంచి, వైరు బ్రష్‌తో రుద్ది కడగాలి. బ్లీచింగ్‌తో యాసిడ్ కలిసిన బాత్రూం క్లీనర్ ఏదీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. దుమ్ము మీద, పాచి మీద వేసిన కోటింగ్ తొలి వేసవికే అప్పడంలా లేచొస్తుంది. కడిగాక పగుళ్లు బాగా కనిపిస్తాయి. వెంట్రుకంత వాటికి డబ్బాలో దొరికే పగుళ్ల పేస్టు చాలు. అంతకంటే పెద్దవి నాలుగంగుళాల గ్రైండరుతో 'వి' ఆకారంలో సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల లోతు కోసి, దుమ్ము ఊది, నింపాలి. నడి డాబాలో కదలని పగులుకు పైన చెప్పిన లేటెక్స్ మాలు సరిపోతుంది. పిట్టగోడ వెంబడి కదిలే సందుకు మాత్రం సాగే పాలీయురెథేన్ సీలెంటే వాడాలి. అది ఆరాక ఆ మూల పొడవునా రెండంగుళాల ఎత్తు, రెండంగుళాల వెడల్పుతో గుండ్రటి అంచు కట్టాలి. లంబకోణంగా ఉన్న మూలలో కోటింగ్ గానీ, దాని మధ్య పరిచే ఫైబరు జాలీ గానీ సరిగ్గా కూర్చోవు, మడత దగ్గర చిరుగుతాయి. వాన నీటి గొట్టం చుట్టూ పాత సిమెంటు మొత్తం తవ్వి, కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి. డాబా వాలు నూటికి ఒకటి ఉండాలి, అంటే పది అడుగులకు అంగుళం పైచిలుకు. కోటింగ్ వేసే ముందు ఒక బకెట్ నీళ్లు పోసి ఎక్కడ నిలబడుతున్నాయో చూసి ఆ గుంటలు ముందే సరిచేయాలి. యాక్రిలిక్ కోటింగులు పారే నీళ్లను ఆపుతాయి, రోజుల తరబడి నిలిచే నీళ్లను తట్టుకోలేవు.

కొత్తగా పెట్టిన మాలు ఆరడానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి, నెల ఇస్తే ఇంకా మేలు. ఆరిందో లేదో చేత్తో ముట్టుకుంటే తెలియదు. రెండడుగుల పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి దాని అడుగున ముత్యాల్లా నీటి బొట్లు కనిపిస్తే స్లాబులో ఇంకా తడి ఉన్నట్టు. ఆ బొట్లు ఉన్నంతకాలం కోటింగ్ డబ్బా మూత తీయొద్దు.

కోటింగ్ ఒక్కో ఉదయం ఒక్కో చేయి. మొదటి రోజు డబ్బా మీద రాసినంత నీళ్లు కలిపిన ప్రైమరు. మర్నాడు నీళ్లు కలపని మొదటి కోటు, అది పచ్చిగా ఉండగానే ఫైబరు జాలీ పరిచి బ్రష్‌తో ఒత్తాలి. జాలీ అంచులు ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కాలి. పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వరకు, గొట్టం మూతి లోపలికి కూడా పట్టించాలి. మూడో రోజు అడ్డంగా, నాలుగో రోజు నిలువుగా మరో రెండు కోట్లు. మా 600 చదరపు అడుగులకు 40 లీటర్లు పట్టింది. నున్నటి కొత్త డాబాకు ఇంత పట్టదు. మాతో పనిచేసిన మేస్త్రీ మంచివాడే. అయినా రెండో కోటు దగ్గర "సార్, కొన్ని నీళ్లు కలుపుదాం, బ్రష్ సాఫీగా పోతది" అన్నాడు. కలిపితే సాఫీగానే పోతుంది, బకెట్టూ మిగులుతుంది, పొర మాత్రం పలచబడి ఎండకు పగులుతుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా వినొద్దు. చివరి కోటు తర్వాత వారం ఆగి మళ్లీ నీళ్లు కట్టి పరీక్షించాలి. డాబా మీద వాడకం ఎక్కువుంటే మంచాల కోళ్లకు, కుర్చీల కాళ్లకు రబ్బరు బూట్లు తొడగాలి.

ఈ పనులు సాగిన వారాల్లో పరుగు ఇలా ఉండేది. మామూలు వారంలో నాలుగు పరుగులు: మంగళవారం ఎత్తులు, గురువారం తేలిక, శనివారం కొద్దిసేపు, ఆదివారం పొడవాటిది. పెచ్చులు కొట్టే వారంలో మంగళవారం ఎత్తుల పరుగు పూర్తిగా ఎత్తేశాను. ఆ వారంలో కష్టమైన పనులు రెండే, వాటి మధ్య మూడు రోజుల ఎడం. యువకులకు రెండు రోజులు చాలు, మనకు చాలవు. సుత్తి పని చేసే రోజు ఒకటి, ఆదివారం పరుగు ఒకటి, ఆ రెండూ ఇవే. కోటింగ్ వేసే వారం ఉదయాలు నాలుగూ డాబాకే పోతాయి కాబట్టి పరుగు సాయంత్రం ఏడు తర్వాత అరగంట, అదీ మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగే వేగంలో. ఒక్క వారం తగ్గితే ఓపిక ఎక్కడికీ పోదు, ఆ విషయంలో భయం అక్కర్లేదు. బోర్లా వంగి, గొంతుక్కూర్చుని చేసే పనులు మాత్రం శనివారం పెట్టుకోను. మోకాలి చిప్ప ముందు భాగం నొక్కుకుపోయి ఆదివారం పదో కిలోమీటరు దగ్గర పట్టేస్తుంది. కింద కూర్చుని చేయాల్సి వస్తే మడతపెట్టిన గోనెసంచి మీద మోకాలు ఆనించి, కాళ్లు మారుస్తూ ఉండాలి.

తేలిక పరుగు అంటే ఎంత తేలిక? గరిష్ఠ గుండె వేగానికి 220లోంచి వయసు తీసేసే లెక్క పెద్దవాళ్లకు తక్కువ చూపిస్తుంది. 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయడం దానికంటే దగ్గరగా ఉంటుంది. 63 ఏళ్లకు 164 వస్తుంది. తేలిక పరుగు అందులో 75 శాతం లోపు, అంటే 123 దాటకూడదు. మేలో అదే వేగానికి గుండె నిమిషానికి పదిసార్లు ఎక్కువే కొట్టుకుంటుంది, అప్పుడు వేగం తగ్గించాలి తప్ప అంకెను మార్చుకోకూడదు. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ అంకెలు వర్తించవు, వాళ్లకు మాట పరీక్షే (మాట్లాడుతూ పరుగెత్తగలుగుతున్నామా అన్నదే) ఆధారం. ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే బూట్లు కొనాలి.

హైదరాబాద్ దారి చదునుది కాదు. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి వైపు పోయేసరికి ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ కాళ్లు అరుగుతాయి. ఉస్మానియా క్యాంపస్‌లోని ఏటవాలు రోడ్లు మాకు దగ్గర. అక్కడ 45 సెకన్లు ఎక్కడం, నడుస్తూ దిగడం, ఆరు నుంచి ఎనిమిది సార్లు. జూలై నుంచి దిగడం కూడా పరుగెత్తి చేయాలి, అడుగులు కురచగా, మోకాలు కొద్దిగా వంచి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బిగుసుకుంటుంది, నొప్పులు తెచ్చేది అదే. రెండు మూడు వారాలు ముందు అలవాటు చేస్తే పందెం రోజు నొప్పి చాలా తగ్గుతుంది. పిక్కలకు వారంలో మూడు సార్లు మడమలెత్తే వ్యాయామం: మోకాలు నిటారుగా పదిహేను చొప్పున మూడు దఫాలు, వంచి ఇంకో మూడు, దిగేటప్పుడు మూడు సెకన్లు పట్టాలి. మడమ ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉన్నవాళ్లు మెట్టు అంచు మీద మడమ కిందికి జారవిడవకూడదు, నేల మీదే చేయాలి. గంటల తరబడి గొంతుక్కూర్చోవడం కూడా సరిగ్గా ఆ చోటునే నొక్కుతుంది. తాపీ పని మర్నాడు మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ వెనక పట్టినట్టు ఉంటే కారణం అక్కడ వెతకాలి. ఆ బిగుతు అరగంట దాటి ఉంటే ఆ రోజు నడకే.

వయసు మీదపడితే దాహం ఆలస్యంగా తెలుస్తుంది. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది, కిలో తగ్గితే సుమారు లీటరు. డాబా పనికీ ఇదే కొలత. పోయినదంతా ఒక్కసారి గటగటా తాగకుండా ఉప్పేసిన మజ్జిగ, లీటరు నీళ్లలో ఒక పూర్తి ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ఎండదెబ్బంత ప్రమాదం. నీరు తగ్గించే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఎండ పని గురించి డాక్టరుతో ముందే మాట్లాడాలి. ఒళ్లు నొప్పులకని ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని ఎండలో పరుగుకు వెళ్లడం మూత్రపిండాలకు చేటు, ఈ అలవాటు మన వయసువాళ్లలో ఎక్కువగా చూస్తున్నాను, దయచేసి మానేయండి. మాట తడబడినా, ఏం చేస్తున్నారో తెలియనట్టు ప్రవర్తించినా, చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు కుమ్మరిస్తూ 108కు ఫోన్ చేయాలి.

తిండిలో మాంసకృత్తుల లెక్క ఒకటి చాలు. ఈ వయసులో కిలో బరువుకు గ్రాము నుంచి 1.2 గ్రాములు, మూత్రపిండాల జబ్బు లేనివాళ్లకు. 62 కిలోల మనిషికి రోజుకు 62 నుంచి 75 గ్రాములు. అన్నం, పప్పుచారు, పెరుగు తిన్నంత మాత్రాన అంత రాదు. గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు 6 పైన, 100 గ్రాముల పనీరుకు 18 దాకా. ఉదయం పెసరట్టుతోపాటు రెండు గుడ్లు పెట్టుకుంటే రోజు మొదట్లోనే కొంత చింత తీరుతుంది.

నిచ్చెన గురించి విడిగా చెప్పాలి. గోడకు ఆనించే నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున దూరంగా పెట్టాలి. పరుగు అయిన గంటలోపు ఎక్కకూడదు. వేడిలో పరుగెత్తి వచ్చాక రక్తనాళాలు విప్పారి ఉంటాయి, పైగా బీపీ మాత్రలో, ప్రొస్టేట్ మాత్రలో తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. 50 కిలోల సిమెంటు బస్తా మోసి డాబా ఎక్కొద్దు, సగం బకెట్లుగా ఎక్కించాలి. పని చేతులకు గ్లౌజులుండాలి, సిమెంటు క్షారం చర్మాన్ని తినేస్తుంది. పరుగు బూట్లతో డాబా ఎక్కకూడదు. కాంక్రీటు గరుకుకు అడుగు అరుగుతుంది, వేడికి మెత్తటి పొర బిరుసెక్కుతుంది. 600 నుంచి 800 కిలోమీటర్లు రావాల్సిన జత సగంలోనే పోతుంది.

తొలి గట్టి వాన పడ్డాక కింద సుద్దగీతలు పెట్టిన చోట్లన్నీ మళ్లీ తట్టి, తడిమి చూడాలి. గొట్టం మూతి జాలీలో ఆకులు వారానికోసారి తీయాలి. ఎంత మంచి కోటింగయినా మూతి మూసుకుపోతే ఓడిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంట్లో చిన్న పనులే పెట్టుకుంటాను. కుళాయి వాషర్ మార్చడం, అర అంగుళం పైపు మర మీద టెఫ్లాన్ టేపు సవ్యదిశలో పది పన్నెండు చుట్లు చుట్టి బిగించడం, ఫ్లష్ ట్యాంకు రబ్బరు మార్చడం లాంటివి. కష్టం 2 దాటనివి.

పందేనికి పది రోజుల ముందు నుంచి సుత్తి, గ్రైండరు, నిచ్చెన అన్నీ మూలకు. పరుగు తగ్గించిన వారాల్లో చేతులు ఊరుకోవు, టైము మిగిలింది కదా అని అల్మారా బిగించాలనిపిస్తుంది. పరుగు తగ్గించింది కాళ్లు కోలుకోవడానికి, ఆ టైము అల్మారాది కాదు. పందెం అయ్యాక కూడా ఐదారు రోజులు నిచ్చెన ఎక్కొద్దు. ఫ్లైఓవర్లు దిగిన తొడలు రెండో రోజున మరీ నొప్పిగా ఉంటాయి, మెట్టు దిగేటప్పుడు మోకాలు పట్టు తప్పుతుంది. ఆ వారంలో బల్బు పోయినా సరే, పక్కింటి కుర్రాణ్ని పిలిచి పెట్టించుకోండి.